తెల్లనివన్నీ న్యుమోనియా కావు

రాత్రి రెండున్నరకి నాలుగో బెడ్ చూస్తున్న సిస్టర్ నా దగ్గరికొచ్చి, "మేడమ్, సాయంత్రం నుంచి సెక్రీషన్స్ మారిపోయాయి, ఇందాక సక్షన్ చేస్తే బాగా పచ్చగా చిక్కగా వచ్చింది, టెంపరేచర్ కూడా 38.4 ఉంది" అంది. పచ్చగా అంటే పసుపుపచ్చా ఆకుపచ్చా అని అడిగా, మన భాషలో రెండూ పచ్చే కదా, కేస్ షీట్‌లో ఒకళ్ళు ఒకటి రాస్తే ఇంకొకళ్ళు ఇంకోటి అనుకుంటారు. "ఆకుపచ్చే మేడమ్, చూపిస్తా రండి" అని కఫం లాగి పట్టే సక్షన్ జార్ దగ్గరికి తీసుకెళ్ళింది.

తలకి దెబ్బ తగిలి వచ్చిన పేషెంట్, వెంటిలేటర్ మీద ఆరో రోజు. పొద్దున వరకు ఎఫ్ఐఓటూ (మెషిన్ ఇచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం) 40 మీద హాయిగా ఉన్నాడు, ఇప్పుడు 55 పెడితే గానీ సాచురేషన్ నిలబడట్లేదు. పోర్టబుల్ ఎక్స్‌రే తీయిస్తే కుడివైపు కింద తెల్లగా ఒక షాడో. నాతో డ్యూటీలో ఉన్న జూనియర్ అప్పటికే కేస్ షీట్ తీసి "వ్యాప్" అని రాసేసి యాంటీబయాటిక్ పేరు కూడా సగం రాశాడు. ఆగు బాబూ, పక్కన ఒక క్వశ్చన్ మార్క్ పెట్టు అన్నా. పెట్టాడు, కానీ నా మొహం చూసిన తీరు చూస్తే ఈవిడకి చాదస్తం అనుకున్నట్టే ఉంది.

ఈ పోస్ట్ ఆ క్వశ్చన్ మార్క్ గురించే.

వ్యాప్ అంటే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి వచ్చే న్యుమోనియా, ట్యూబ్ వేసిన 48 గంటలు దాటాక మొదలైతేనే ఆ పేరు పెడతాం. చెప్పడానికి ఇంత తేలిక. ఇన్నేళ్ళు ఐసీయూలో పనిచేసినా నాకు ఇప్పటికీ గుండె మీద చెయ్యేసుకుని "ఇది కచ్చితంగా వ్యాప్" అని చెప్పగలిగిన కేసులు తక్కువ. బయట ఓపీలో అయితే పేషెంట్ నడుచుకుంటూ వచ్చి దగ్గు, జ్వరం, ఊపిరి తీస్తే పక్కన పొడుస్తోంది అని తనే చెప్తాడు, సగం డయాగ్నసిస్ అక్కడే అయిపోతుంది. ఐసీయూలో ఆయన మాట్లాడలేడు, మత్తులో ఉంటాడు, గట్టిగా దగ్గలేడు, మనం చూసే ప్రతి లక్షణానికీ న్యుమోనియా కాకుండా ఇంకో అరడజను కారణాలు లైన్లో నిలబడి ఉంటాయి.

పాత పద్ధతి ఏంటంటే ఎక్స్‌రేలో కొత్త షాడో రావాలి లేదా ఉన్న షాడో పెరగాలి, దాంతోపాటు మూడిట్లో రెండుండాలి: 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, తెల్ల రక్తకణాలు పెరగడమో బాగా పడిపోవడమో, చీములాంటి కఫం. ఇప్పటికీ రౌండ్స్‌లో అందరం వాడేది ఇదే. 1999లో దీన్ని వెంటిలేటర్ మీద చనిపోయిన 25 మంది ఊపిరితిత్తుల శాంపిల్స్‌తో పోల్చి చూశారు. ఉన్న న్యుమోనియాని ఇది పట్టుకున్నది 69 శాతం, లేనప్పుడు లేదని సరిగ్గా చెప్పింది 75 శాతం. అంటే నిజంగా జబ్బున్న ప్రతి పదిమందిలో ముగ్గుర్ని వదిలేస్తాం, జబ్బు లేని ప్రతి నలుగురిలో ఒకరికి ఉందని చెప్పేస్తాం. ఇదీ మన బెస్ట్ మెథడ్ సంగతి.

విడివిడిగా తీసుకుంటే ఇంకా ఘోరం. 2020లో అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి, బయాప్సీయో పోస్ట్‌మార్టమో చేసి రుజువైన కేసులతో పోల్చి ఒక విశ్లేషణ వచ్చింది, అందులో జ్వరం సెన్సిటివిటీ (జబ్బుంటే ఉందని పట్టుకోవడం) 66 శాతం, స్పెసిఫిసిటీ (లేకపోతే లేదని సరిగ్గా చెప్పడం) 54. చీము కఫానికి 77, 39. ఎక్స్‌రేలో ఏదో ఒక షాడో ఉండటానికి సెన్సిటివిటీ 89 దాకా ఉంది కానీ స్పెసిఫిసిటీ 26 అంట. ఆ 26 చూసి నేను కాసేపు అలాగే కూర్చున్నా. న్యుమోనియా లేనివాళ్ళలో కూడా నలుగురిలో ముగ్గురికి ఎక్స్‌రేలో ఏదో ఒకటి తెల్లగా కనిపిస్తుందన్నమాట. తెల్లనివన్నీ పాలు కావని మనకి చిన్నప్పుడే చెప్పారు, డాక్టర్లం అయ్యాక మర్చిపోయాం.

ఎక్స్‌రే గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే అందర్నీ ఎక్కువగా పడేసేది అదే. ఐసీయూ ఎక్స్‌రే అంటే పేషెంట్‌ని నిలబెట్టి ఊపిరి బిగపట్టించి తీసింది కాదు, పడుకున్న మనిషి వీపు కిందకి ప్లేట్ తోసి ముందునుంచి తీసేది. గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది, ఎడమవైపు కింద భాగం దాని వెనక దాక్కుంటుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే నిలబడ్డ మనిషిలో అయితే కిందకి దిగి గీత గీసినట్టు కనిపించేది, ఇక్కడ వెనకంతా పరుచుకుని మొత్తం మసకగా చేస్తుంది. మూడు లీడ్ వైర్లు, ఒక ట్యూబ్, ఒక సెంట్రల్ లైన్, చర్మం మడత, అన్నీ కలిపి ఒక ముగ్గు. నిన్నటి ఫిల్మ్‌కీ ఇవాళ్టి ఫిల్మ్‌కీ మధ్య పీప్ (ఊపిరి వదిలాక కూడా మెషిన్ లోపల నిలిపి ఉంచే ఒత్తిడి) రెండు పాయింట్లు పెంచితే చాలు ఊపిరితిత్తి ఇంకాస్త విచ్చుకుని నల్లగా కనిపిస్తుంది, వెంటనే "ఇంప్రూవ్ అయింది" అని రాసేస్తాం, ఇంప్రూవ్ అయింది మన సెట్టింగ్.

పైగా ఆ తెలుపు దేనివల్లైనా రావచ్చు. గుండె ఫెయిలై నీరు చేరితే, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీరు నిండే తీవ్రమైన జబ్బు) అయితే, లోపల రక్తస్రావమైతే, కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారి రసాయనికంగా కాలినట్టైతే, కఫం ముద్ద అడ్డుపడి ఒక భాగం గాలి లేకుండా ముడుచుకుపోతే. ఈ చివరిది, మేం కొలాప్స్ అనేది, న్యుమోనియా వేషం వేయడంలో దిట్ట. ఒక్కరాత్రిలో వస్తుంది, ఆక్సిజన్ పడిపోతుంది, ఎక్స్‌రే తెల్లబడుతుంది. తేడా ఎక్కడంటే ముడుచుకున్నప్పుడు చుట్టుపక్కలవి అటు లాగబడతాయి, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) పైకి వస్తుంది, శ్వాసనాళం అటువైపు జరుగుతుంది, న్యుమోనియాలో ఊపిరితిత్తి నిండుతుంది కానీ సాధారణంగా అంత ముడుచుకోదు. చెప్పినంత నీటుగా ఎప్పుడూ కనపడదు లెండి.

నాలుగో బెడ్ ఫిల్మ్‌ని నిన్నటిదాని పక్కన పెట్టి చూస్తే కుడి డయాఫ్రమ్ ఒక పక్కటెముక ఎత్తు పైకొచ్చినట్టు అనిపించింది. అల్ట్రాసౌండ్ మెషిన్ లాక్కొచ్చి ప్రోబ్ వీపు వైపుకి తోసి చూశా. ఆ భాగం లివర్‌లాగా గట్టిగా కనిపిస్తోంది, లోపల శ్వాసనాళాల్లో గాలి తెల్ల గీతల్లా ఉంది కానీ వెంటిలేటర్ ఒక్కో బ్రెత్ ఇస్తుంటే ఆ గీతలు కదలట్లేదు, అలాగే ఉన్నాయి. ఇది చాలా పనికొచ్చే గుర్తు. బ్రెత్‌తో పాటు గీతలు సాగుతూ కదిలితే దారి తెరిచే ఉంది, న్యుమోనియా అనుమానం గట్టిపడుతుంది, కదలకపోతే దారిలో ఏదో అడ్డుందేమో చూసుకోవాలి. మంచం పక్కనే, రేడియేషన్ లేకుండా, ఐదు నిమిషాల్లో అయ్యే పని, అయినా అర్ధరాత్రి ఎవరూ ఆ మెషిన్ ముట్టుకోరు ఎందుకో.

పేషెంట్‌ని ఎడమపక్కకి తిప్పి, సిస్టర్ బాగ్‌తో నిదానంగా గాలి ఇస్తుంటే కాస్త సెలైన్ వేసి సక్షన్ చేశాం, మొదట రెండుసార్లు ఏమీ రాలేదు, మూడోసారి సుమారు చిటికెన వేలంత పొడుగున్న గట్టి ముద్ద జర్రున వచ్చింది, జిగురుగా, కొనలో ఎండిపోయిన రక్తం చారతో. దానికి ముందే ట్రాప్ బాటిల్‌లో కల్చర్‌కి (క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి) శాంపిల్ పట్టుకున్నాం. యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు. బీపీ బాగుంది, లాక్టేట్ (ఒంట్లో రక్తప్రసరణ తగ్గితే పెరిగేది) పెరగలేదు, కాబట్టి ఆగగలిగా. షాక్‌లో ఉన్న పేషెంట్ అయితే ఈ డిటెక్టివ్ పనులన్నీ పక్కనపెట్టి శాంపిల్ తీసి వెంటనే మందు ఎక్కించేదాన్ని, అక్కడ గంటలు లెక్కే, దాంట్లో డౌట్ లేదు.

జ్వరం సంగతికొస్తే, ఐసీయూలో జ్వరం అంటే వీధిలో అరిచే కుక్కలాంటిది, ఏదో ఉందని చెప్తుంది, ఏముందో చెప్పదు. సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్, యూరిన్ క్యాథెటర్, ముక్కులో ట్యూబ్ వల్ల సైనసైటిస్, కాళ్ళ సిరల్లో క్లాట్, మందుల రియాక్షన్, తల్లో రక్తస్రావం, దేనికైనా వస్తుంది. తెల్లకణాలు స్టెరాయిడ్ ఇస్తే పెరుగుతాయి, ఆపరేషన్ చేస్తే పెరుగుతాయి. చీము కఫం ఉండి ఎక్స్‌రే మారకపోతే అది ట్రాకియోబ్రాంకైటిస్ కావచ్చు, గొట్టాల వరకే ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తి దాకా పోలేదు.

ఇవన్నీ కలిపి స్కోర్ వేద్దామని 1991లో సీపీఐఎస్ అని ఒకటి తెచ్చారు, టెంపరేచర్, కణాల లెక్క, కఫం, ఆక్సిజన్ నిష్పత్తి, ఎక్స్‌రే, కల్చర్, మొత్తం 12కి, 6 దాటితే అనుమానం. బాగానే ఉంటుంది చదవడానికి, కానీ ఒకే పేషెంట్‌కి ఇద్దరు డాక్టర్లు వేస్తే రెండు నంబర్లొస్తాయి. 2016 అమెరికన్ గైడ్‌లైన్స్ కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అని తేల్చడానికి దీన్ని వాడొద్దనే అన్నాయి, ప్రోకాల్సిటోనిన్ అనే రక్తపరీక్ష గురించీ అదే మాట. 2013 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు ఎక్స్‌రే అసలు లేకుండా పీప్, ఎఫ్ఐఓటూ పెరిగిన లెక్కతో ఒక నిర్వచనం వాడుతున్నారు, అది హాస్పిటళ్ళు తమ రేట్లు లెక్కపెట్టుకోవడానికి, మంచం దగ్గర మందు రాయడానికి కాదు. దీన్నీ దాన్నీ కలిపేసి గందరగోళపడేవాళ్ళని చాలామందిని చూశా.

మరి కల్చర్ చేస్తే తెలిసిపోతుంది కదా అంటారు ఎవరైనా. అక్కడే ఉంది అసలు తిరకాసు. ట్యూబ్ వేసిన కొన్ని రోజులకే గొట్టం లోపల ఒక జిగురుపొర కట్టి దాంట్లో బ్యాక్టీరియా కాపురం పెట్టేస్తుంది, గొంతులో చేరిన ఊటలు కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ) మడతల్లోంచి కొద్దికొద్దిగా కిందకి కారుతూనే ఉంటాయి, కఫ్ ప్రెషర్ 20 నుంచి 30 మధ్య సరిగ్గా పెట్టినా పూర్తిగా ఆగవు. కాబట్టి వారం రోజులు ట్యూబ్ మీద ఉన్నవాళ్ళ కఫం పంపిస్తే చాలాసార్లు ఏదో ఒకటి పెరుగుతుంది, సూడోమోనాసో క్లెబ్సియెల్లానో ఎసినెటోబాక్టరో. అది అక్కడ ఉన్నంత మాత్రాన జబ్బు చేస్తున్నట్టు కాదు. కఫంలో కాండిడా వచ్చిందని యాంటీఫంగల్ మొదలుపెట్టడం చూస్తే మాత్రం నాకు నిజంగానే బీపీ పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో కాండిడా న్యుమోనియా చాలా చాలా అరుదు, ఆ ఫంగస్ మామూలుగా నోట్లోది.

అందుకే ఎంత పెరిగిందో లెక్కపెడదామన్నారు. బ్రాంకోస్కోప్ లోపలికి పంపి సెలైన్‌తో కడిగి వెనక్కి లాగిన నీళ్ళలో, అంటే బీఏఎల్‌లో, మిల్లీలీటర్‌కి 10,000 కాలనీలు దాటాలి, రక్షణ తొడుగున్న బ్రష్‌తో తీస్తే 1,000, ట్యూబ్‌లోంచి మామూలుగా లాగిన శాంపిల్ అయితే 1,00,000 లేదా అంతకన్నా ఎక్కువ. ఏది మంచిదో అని పెద్ద యుద్ధమే జరిగింది. ఫ్రాన్స్‌లో 413 మంది మీద చేసి 2000లో వచ్చిన ట్రయల్‌లో బ్రాంకోస్కోప్ దారిలో పోయినవాళ్ళలో 14 రోజుల మరణాలు 16.2 శాతం, మామూలు దారిలో 25.8. అందరూ ఇంక స్కోప్ కొనాల్సిందే అనుకున్నారు. 2006లో కెనడా వాళ్ళు 740 మంది మీద చేస్తే 28 రోజుల మరణాలు 18.9, 18.4, తేడా లేదు. అయితే ఆ కెనడా ట్రయల్‌లో సూడోమోనాస్, ఎంఆర్‌ఎస్‌ఏ (మామూలు మందులకి లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) ఉన్నాయని ముందే తెలిసినవాళ్ళని తీసుకోలేదు, మా దగ్గరికొచ్చే మొండి కేసులు సరిగ్గా అవే. ఇప్పటికీ అమెరికా గైడ్‌లైన్ ట్యూబ్ శాంపిల్ చాలంటుంది, 2017 యూరప్ గైడ్‌లైన్ లోతుగా తీసి లెక్కపెట్టమంటుంది. నా మాటకొస్తే ఎలా తీశామన్నదానికంటే యాంటీబయాటిక్ డోసుకి ముందు తీశామా లేదా అన్నదే పెద్ద విషయం. ముందు డోసు పడిపోయాక, అందులోనూ గత మూడు రోజుల్లో కొత్త మందు మొదలైతే, కల్చర్ శుభ్రంగా రావచ్చు, ఆ శుభ్రతని నమ్మలేం, మూడో రోజు ఆపుదామంటే చేతిలో ఆధారం ఉండదు. అర్ధరాత్రి కంగారులో శాంపిల్ పొద్దున్నే తీద్దాంలే అనే మాట ఎన్నిసార్లు విన్నానో.

ఇంతా చెప్పి నేను అతిజాగ్రత్తపరురాలిని, ఎప్పుడూ ఆగుతాను అనుకుంటారేమో, ఆగి దెబ్బతిన్న కథ కూడా ఉంది. కొన్నేళ్ళ కిందట వేరే హాస్పిటల్‌లో పనిచేస్తున్నప్పుడు ఒకావిడ, ఏఆర్‌డీఎస్, రెండు ఊపిరితిత్తులూ మొదటి రోజు నుంచే తెల్లగా ఉన్నాయి, కొత్త షాడో వచ్చినా దాని మీద కనపడే చోటు లేదు. కిడ్నీలు పోయి సీఆర్‌ఆర్‌టీ (ఆగకుండా నడిచే డయాలిసిస్) మీద ఉంది. స్టెరాయిడ్ నడుస్తోంది కాబట్టి కణాలు 18,000 ఉన్నా మేం పట్టించుకోలేదు. టెంపరేచర్ చార్ట్ చూస్తే రోజూ 36.5, 36.8, గీత గీసినట్టుంది, జ్వరం లేదుగా అని ముందుకెళ్ళిపోయాం. తొమ్మిదో రోజు బీపీ పడిపోయింది. అప్పుడొక సీనియర్ సిస్టర్, పేరు చెప్పను కానీ ఆవిడ చెయ్యి పడితే క్యాన్యులా ఎప్పుడూ మిస్సయ్యేది కాదు, డయాలిసిస్ లైన్ పట్టుకుని "డాక్టర్ గారూ, రక్తం ఇంత దూరం బయట తిరిగి చల్లబడి వస్తుంటే ఈవిడకి జ్వరం ఎక్కడ కనిపిస్తుందండీ" అంది. నాకు ఆ గొట్టం చల్లదనం ఇంకా చేతికి తగులుతున్నట్టే ఉంటుంది. కల్చర్‌లో ఎసినెటోబాక్టర్ వచ్చింది. వెనక్కి వెళ్ళి ఛార్ట్ చూస్తే రెండు రోజుల ముందు నుంచే పీప్ 8 నుంచి 12కి మెల్లగా ఎక్కింది, ఏ షిఫ్ట్‌లో వాళ్ళు ఆ షిఫ్ట్‌లో ఒక పాయింట్ చొప్పున పెంచుకుంటూ పోయారు, మొత్తం ఎవరూ చూడలేదు. ఆవిడ బతికింది, కానీ ఆ రెండు రోజులు మావే.

కాబట్టి క్వశ్చన్ మార్క్ రెండు వైపులా పనిచేయాలి. వ్యాప్ అని రాసినప్పుడు పక్కన పెట్టాలి, వ్యాప్ లేదు అనుకున్నప్పుడూ పెట్టాలి. నేను గమనించిందేంటంటే ఆ గుర్తుకి ఆయుష్షు మహా అయితే రెండు షిఫ్టులు. రాత్రి వాళ్ళు "వ్యాప్?" అని రాస్తారు, పొద్దున వాళ్ళు హ్యాండోవర్‌లో "వ్యాప్ సస్పెక్టెడ్" అంటారు, సాయంత్రం వాళ్ళు "వ్యాప్, డే వన్" అని రాసుకుంటారు, రెండో రోజు కన్సల్టెంట్‌కి చెప్పేటప్పటికి అది పేషెంట్ ఇంటిపేరైపోతుంది. మధ్యలో కొత్తగా తెలిసిందేమీ లేదు, ఒకరు రాసింది ఇంకొకరు చదివారంతే.

దీనికి నేను చేసేది ఒక్కటే, మొదలుపెట్టిన రోజే మూడో రోజు తేదీ కూడా రాసి పెట్టుకుంటా. 48 నుంచి 72 గంటలకి కల్చర్ వస్తుంది, ఎక్స్‌రే ఎటు పోయిందో తెలుస్తుంది, ఆక్సిజన్ ఎటు పోయిందో తెలుస్తుంది. 24 గంటల్లో మాయమైపోయిన షాడో సాధారణంగా న్యుమోనియా కాదు, అంత తొందరగా కరగదు. ముందు మందు పడకుండా తీసిన శాంపిల్‌లో ఏమీ పెరగకపోతే, మనిషి స్థిరంగా ఉంటే, మందు ఆపేస్తా. ఆపేటప్పుడు చెయ్యి వణుకుతుంది, అబద్ధం ఎందుకు, మొదలుపెట్టడానికి ఎవరూ కారణం అడగరు, ఆపితే అందరూ అడుగుతారు. నిజంగా వ్యాప్ అయినా చాలామందికి ఏడు ఎనిమిది రోజులు చాలు, ఫ్రాన్స్‌లోనే 2003లో 401 మంది మీద 8 రోజులు, 15 రోజులు పోల్చారు, మరణాల్లో తేడా రాలేదు, కాకపోతే సూడోమోనాస్ జాతి వాటిలో తిరగబెట్టడం 8 రోజుల వాళ్ళలో ఎక్కువగా ఉంది.

ఇవన్నీ ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. నాలుగో బెడ్ ఆయన కొడుకు పొద్దున విజిటింగ్ టైమ్‌లో, "మేడమ్, మా నాన్నకి దెబ్బ తగిలింది తలకి కదండీ, మళ్ళీ ఊపిరితిత్తులకేంటి?" అన్నాడు. ట్యూబ్ ఉన్నవాళ్ళకి ఊపిరితిత్తుల్లోకి క్రిములు దిగే ప్రమాదం ఉంటుందండి, రాత్రి అనుమానమొచ్చింది, కఫం గడ్డ అడ్డుపడితే తీశాం, పరీక్షకి పంపాం, అన్నా. "అంటే న్యుమోనియా ఉన్నట్టా లేనట్టా?" ఇంకో రెండు రోజులు ఆగితే చెప్తానండి అంటే ఆ అబ్బాయి మొహంలో ఇంత పెద్ద మెషిన్లు పెట్టుకుని ఇదా సమాధానం అన్నది స్పష్టంగా కనిపించింది. తప్పులేదు, నేనైనా అలాగే అనుకునేదాన్ని.

ఆ పొద్దున ఆరింటి ఎక్స్‌రేలో డయాఫ్రమ్ కిందకి దిగింది, తెలుపు ముప్పావు వంతు పోయింది, ఎఫ్ఐఓటూ మళ్ళీ 40. కల్చర్‌లో మూడో రోజుకి కొద్దిగా క్లెబ్సియెల్లా పెరిగిందని వచ్చింది, మందు మొదలుపెట్టలేదు. జ్వరం మాత్రం ఇంకో రెండు రోజులు ఉండి దానంతట అదే పోయింది, ఎందుకొచ్చిందో నాకు తెలీదు, తల్లో రక్తం వల్ల కావచ్చు. పదకొండో రోజు ట్యూబ్ తీశాం.

మా జూనియర్ ఆ కేస్ షీట్ మొదటి పేజీలో "వ్యాప్?" అన్న దగ్గర నీట్‌గా ఒక గీత కొట్టేసి పక్కన "కొలాప్స్" అని రాశాడు. దాని పక్కన ఇంకో క్వశ్చన్ మార్క్ పెట్టా. ఈసారి నవ్వాడు.